కన్యాశుల్కము: చూచుటయా, చదువుటయా?

గడచిన సంవత్సరము మా పాఠశాలలో పై తరగతుల విద్యార్థులకు కన్యాశుల్కము చలనచిత్రమును చూపించితిమి. మరునాడు తెలుగు పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి, "సినిమా చూసేశాం గదండీ మేష్టారూ, ఇంక పుస్తకం చదవడం ఎందుకండీ?" అని అడిగెను. తరగతి అంతయు నవ్వినది. మాకు మాత్రము నవ్వు రాలేదు. తగిన సమాధానము అప్పటికప్పుడు స్ఫురింపకపోవుటయే అందులకు కారణము. "పుస్తకము గొప్పది కనుక" అని చెప్పి కూర్చుండబెట్టితిమి. అది సమాధానము కాదు. ఏల గొప్పదో చెప్పవలెను గదా! ఆనాడు చెప్పలేకపోయిన మాటను ఇచ్చట చెప్పుటకు యత్నించుచున్నాము.

గురజాడ అప్పారావుగారి ఈ నాటకము మొదట 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. పిదప ఆయన దానిని చాలవరకు తిరుగవ్రాసి, పెంచి, 1909లో మరల ప్రకటించిరి. నేడు మనము సాధారణముగా చదువునది ఈ రెండవ కూర్పే. చలనచిత్రము 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున వెలువడినది. గిరీశముగా నందమూరి తారకరామారావుగారు, మధురవాణిగా సావిత్రిగారు నటించిరి.

చిత్రమును తక్కువచేసి మాటాడుట మా యుద్దేశము కాదు. అచ్చులో మౌనముగా నుండు మధురవాణి చమత్కారము సావిత్రిగారి కన్నులలో పలుకును. మరియొక సంగతి. గురజాడవారే వేరుగా రచించిన పూర్ణమ్మ కథ నాటకములో లేదు. దానిని చిత్రములో పాటగా చేర్చిరి. నాటకమున ఆడపిల్లను సొమ్ముకు ముసలివానికి కట్టబెట్టు దురాచారమును చూచి నవ్వుదుము. ముసలివానికిచ్చిన పూర్ణమ్మ కథ విన్నంతనే ఆ నవ్వు ఆగిపోవును. ఈ కూర్పు చేసినవారు గురజాడవారిని చక్కగా చదివినవారని ఒప్పుకొనవలెను. అనగా మంచి చిత్రము వెనుక కూడ మంచి చదువరి యొకడుండును.

అయినను చిత్రమునకు గడియారము కలదు. ఏడంకముల నాటకమును మూడు గంటలలోపు ముగింపవలెను. నవ్వు వచ్చినచోట చూచువాడు నవ్వును. ఆ నవ్వు ముగియకమునుపే వేరొక దృశ్యము వచ్చిపడును. నాటకములో అందరెరిగిన ఘట్టము నొకదానిని తీసికొందము. గిరీశము శిష్యుడైన వెంకటేశముతో కృష్ణరాయపురము అగ్రహారమునకు వచ్చును. బాలుని తల్లి వెంకమ్మకు ఇంగ్లీషు రాదు. కొడుకు ఇంగ్లీషు మాటాడగా వినవలెనని ఆమెకు కోరిక. గురుశిష్యు లిరువురును బడిపిల్లల పద్యములను, పొంతనలేని ముక్కలను ఒకరితో నొకరు అప్పగించుకొందురు. ఆ తల్లి అది గొప్ప సంభాషణమని మురిసిపోవును.

దీనిని మేము బాల్యమున చదివినప్పుడు వెంకమ్మను చూచి నవ్వితిమి. ఉపాధ్యాయులమైన పిమ్మట చదివినప్పుడు గిరీశమును చూచి కోపము వచ్చినది. ప్రధానోపాధ్యాయులమై, ప్రవేశముల దినములలో బల్ల కావల కూర్చుండి, ఎదుట నిలిచిన తల్లులు "తెలుగు బడిలో వేస్తే మా వాడికి ఇంగ్లీషు వస్తుందా బాబూ?" అని బెంగతో అడుగుచుండగా విన్న తరువాత, ఆ ఘట్టము మాకు నవ్వు పుట్టించుట మానినది. వెంకమ్మ తెలివితక్కువది కాదు. తనకు దక్కని చదువు కొడుకునకు దక్కినదను సంతోషము ఆమెది. ఆ సంతోషమును మోసగించుట ఎంత సులభమో గురజాడవారు చూపిరి. ఒకే పుట మా చేత మూడు వయస్సులలో మూడు విధములుగా చదివించుకొన్నది. చదువరి ఆగదలచినచోట ఆగును, వెనుకకు మరలును, తాను నవ్వినది ఎవరిని చూచియో తన్ను తానే ప్రశ్నించుకొనును. చీకటి మందిరములో నలుగురితో కలిసి నవ్వుచున్నవానికి అంత తీరిక యుండదు.

పాత్రల ముఖముల సంగతియు కలదు. మేము చిన్ననాట పుస్తకముకంటె ముందు చిత్రమునే చూచినవారము. ఈనాటికిని గిరీశమునకు రామారావుగారి ముఖము తప్ప మరియొక ముఖము కల్పించుకొనజాలకున్నాము. అది అందమైన ముఖమే, కాని మేము ఎన్నుకొన్నది కాదు.

ఇక మనవంటివారికి ముఖ్యమైన విషయము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్ర మేర్పడువరకు మన గంజాము మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిగారు గురజాడవారికి బాల్యమిత్రులు. ఇరువురును వాడుక భాషకై పాటుపడినవారే. (ఆ మాటను గ్రాంథికమున వ్రాయుచున్న మమ్ము చూచి వారు నవ్వుకొందురేమో! మా చేతికి పడిన అలవాటు అట్టిది.) బరంపురపు తెలుగు ఇండ్లలో ముసలివారి మాటకును, కన్యాశుల్కములోని పాత్రల మాటకును దగ్గర చుట్టరికము కలదు. కాని మన పిల్లలు తెలుగు నెక్కువగా వినునది సినిమాలలో. ఆ తెలుగే అసలైనదని, ఇంటిలో మామ్మ మాటాడునది మోటుదని వారి నమ్మకము. "గుంట" యను మాట పలికినందుకు మా పాఠశాల ఆటస్థలముననే ఒక బాలికను తోడివారు వెక్కిరింపగా మేము స్వయముగా వింటిమి. ఒడియా, హిందీ, ఇంగ్లీషుల నడుమ ఇంటి తెలుగు ఎట్లును పలుచనగుచున్నది. మిగిలినదానిని గూర్చి సిగ్గుపడుటయు అలవడినచో, ఇంక ఎవరును తీసివేయనక్కరలేదు. అది తానే పోవును.

ప్రశ్న వేసిన ఆ విద్యార్థికి గ్రంథాలయములోని కన్యాశుల్కము నిచ్చి, వారము దినములు గడువు పెట్టితిమి. మూడవనాడే తిరిగి తెచ్చి, "అక్షరాలు వస్తున్నాయి గానీ మాటలు రావట్లేదండీ" అనెను. వాని బాధ మాకు తెలిసినది. కూడబలుకుకొని చదువుటచే వాక్యము చివరకు వచ్చుసరికి మొదలు మరచిపోవుచుండెను. అచ్చులో చూచి యెరుగని మాటలు వానిని అడుగడుగున ఆపుచుండెను. "ఇంటిలో పెద్దవా రెవరైన ఉన్నారా?" అని అడిగితిమి. మామ్మ కలదనియు, ఆమెకు చదువు రాదనియు చెప్పెను. "చదువు రాకున్నను ఫరవాలేదు, ఆమె యెదుట కూర్చుండి పైకి చదువుము" అంటిమి.

వారము గడచినది, నెల గడచినది, పుస్తకము రాలేదు. చివరకు పిలిపించి విచారింపగా జరిగినది చెప్పెను. వాడు ముక్కముక్కలుగా చదువుచుండ, మామ్మ సగము విని, "అలా కాదురా, ఇలా అంటారు" అని ఆ వాక్యమును ఒక్క ఊపున పలుకునట. పలికిన పిమ్మట వానికి అక్షరములు కుదురుకొనునట. అక్షరము వాని వద్ద, పలుకుబడి ఆమె వద్ద. రాత్రి భోజనములైన తరువాత అరగంటసేపు, దినమునకు నాలుగైదు పుటల చొప్పున సాగినది. రామప్పంతులు వచ్చిన ప్రతిసారి ఆమె తన పుట్టినూరిలో నుండిన ఒక పెద్దమనిషిని తిట్టుచుండెనట. "గుంట" యను మాట వచ్చినచోట వాడు ఆగి, "ఇది పుస్తకంలో కూడా ఉంది మామ్మా!" అనగా, "ఉండకేం?" అనెనట.

రెండు నెలలకు పుస్తకము చేరినది. నాలుగవ అంకము వద్ద పసుపు మరక యొకటి యున్నది. ఆలస్యమునకు గ్రంథాలయ నియమానుసారము జరిమానా విధింపవలసియుండినను విధింపలేదు. మాకున్నది ఆ ఒక్క ప్రతియే. ఇప్పుడు దానికొరకు పేరు వ్రాయించుకొన్నవారు తొమ్మండుగురు. వారిలో ఆటస్థలమున వెక్కిరింపబడిన బాలిక మూడవది.