తాతముత్తాతల జాడ తెలియాలా? విచారణ పుస్తకం, సమాధుల తోట చిట్కాలు

తాతగారి పేరు తెలుసు, ఆ పైన ఎవరో తెలీదు అంటారు చాలామంది. మన కథోలిక ఇళ్లకి ఆ చింత అక్కర్లేదు. జ్ఞానస్నానం, పెళ్లి, మరణం, అన్నీ గుడి పుస్తకాల్లో రాసిపెట్టారు. సగం పని ఇంట్లో ముగించుకుని బయల్దేరితే బస్సు ఛార్జీలు మిగులుతాయి. నేను చేసి చూసినవే చెబుతున్నా, వినండి.

1. ముందు పాత ట్రంకు పెట్టె తెరవండి. ప్రార్థన పుస్తకాల మధ్య జ్ఞాపకార్థం కార్డులు, శుభలేఖలు దొరుకుతాయి; వాటి మీద ఊరు, తేదీ ఉంటే ఒక తిరుగుడు తప్పినట్టే.

2. పెద్దవాళ్లని "ఏ సంవత్సరం?" అని అడగొద్దు, "కృష్ణా పుష్కరాలకి ముందా? ఉప్పెన తర్వాతా?" అనండి. 1968, 1980 పుష్కరాలు, 1977 దివిసీమ ఉప్పెన లెక్కేసుకుంటే తిరగేయాల్సిన పేజీలు బాగా తగ్గుతాయి.

3. పుట్టిన తేదీ తెలియకపోతే పేరు పట్టుకోండి, పండుగ దగ్గర్లో పుడితే ఆ పునీతుల పేరే పెట్టేవాళ్లు. లూర్దమ్మ అయితే ఫిబ్రవరి 11, జోజప్ప మార్చి 19, అంతోని జూన్ 13, ఇన్నయ్య జూలై 31, శౌరి డిసెంబర్ 3. ముందు ఆ రోజుల చుట్టూ చూడండి.

4. ఇంట్లో పిలిచే పేరు కోసం లాటిన్ పుస్తకంలో వెతికితే కళ్లు నొప్పులే. రాయప్ప పేత్రుస్‌గా, చిన్నప్ప పౌలుస్‌గా, ఇన్నయ్య ఇగ్నాసియుస్‌గా ఉండొచ్చు. రెండు పేర్లూ చీటీ మీద రాసుకెళ్లండి.

5. ఇంటిపేరు విదేశీ ఫాదర్లు చెవికి ఎలా వినబడితే అలా రాశారు. తుమ్మ, యెరువ లాంటివి రెండు మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంటాయి. అక్షరం కాదు, పలుకుబడి చూసి వెతకండి.

6. పెద్ద బిడ్డ పేరు నాన్నగారి ఊళ్లో లేదా? తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, అమ్మమ్మగారి ఊరి గుడిలో జ్ఞానస్నానం పుస్తకం అడగండి.

7. మీ ఊరి గుడి ఈమధ్య విచారణ అయితే పాత పుస్తకాలు అక్కడ ఉండకపోవచ్చు. అంతకుముందు ఏ విచారణ కింద ఉండేదో ఉపదేశిగారిని ఫోన్‌లో కనుక్కుని, నేరుగా అక్కడికే వెళ్లండి.

8. విచారణలో దొరకకపోతే మేత్రాసనం ఆఫీసుకి ఉత్తరం రాయండి, కానీ ఏ మేత్రాసనమో చూసుకోండి. గుంటూరు 1940 దాకా నెల్లూరు కింద, నెల్లూరు 1928 దాకా మద్రాసు కింద, బెజవాడ వైపు 1933 దాకా హైదరాబాదు కింద ఉండేవి.

9. జ్ఞానస్నానం పద్దు దొరకగానే పుస్తకం మూసెయ్యొద్దు, పక్కన మార్జిన్ చదవండి. పెళ్లి వివరం కూడా అక్కడ ఎక్కించాలని 1908 నుంచి నియమం ఉంది. ఒక్క పేజీలో రెండు పనులు అవుతాయి.

10. మేనరికం పెళ్లి అయితే మీకు పండగే, ఎందుకంటే దానికి బిషప్‌గారి అనుమతి కావాలి, అందులో చుట్టరికం రాస్తారు. పాత పద్దుల్లో రెండో డిగ్రీ అంటే మేనత్త, మేనమామ పిల్లలు; మూడో డిగ్రీ అంటే వాళ్ల తర్వాతి తరం.

11. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లు కూడా రాసుకోండి. చాలాసార్లు పిన్నో, బాబాయో అయి ఉంటారు. ఒకే పేరున్న ఇద్దరిలో మన మనిషి ఎవరో తేల్చేదీ వాళ్లే.

12. బాగా పాత పద్దుల్లో 7 పక్కన లాటిన్ తోక కనిపిస్తే జూలై అనుకోకండి, అది సెప్టెంబర్. అలాగే 8 అక్టోబర్, 9 నవంబర్, 10 డిసెంబర్.

13. ఆదివారాలు, తపస్సుకాలం, క్రిస్మస్ రోజులు వదిలేసి, మామూలు రోజు ఉదయం పూజ అయ్యాక వెళ్లండి. పేరు, తండ్రి పేరు, సుమారు సంవత్సరం రాసిన చీటీ ఇస్తే ఫాదర్‌గారికీ తేలిక, మీకూ తొందరగా తెమిలిపోతుంది.

14. పుస్తకం దగ్గర పెన్ను వద్దు, పెన్సిలే వాడండి. ఫొటోకి ముందు అడిగి, ఫ్లాష్ ఆపేయండి. కాగితం పాడుచేయకపోతే మళ్లీ వెళ్లినా కాదనరు.

15. సమాధుల తోటకి నవంబర్ 2న వెళ్లండి. ఆ రోజు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించడానికి చుట్టాలంతా అక్కడే ఉంటారు. ఊరూరా తిరిగి అడిగే పని తప్పుతుంది.

16. నాచు పట్టిన రాయిని మంచినీళ్లు, మెత్తటి బ్రష్‌తోనే కడగండి. యాసిడ్, బ్లీచింగ్, ఇనుప పీచు తగిలితే ఉన్న అక్షరాలూ పోతాయి.

17. అరిగిన అక్షరాలు మధ్యాహ్నం కనబడవు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. ఎండ లేకపోతే ఫోన్ టార్చి పక్కనుంచి వేయండి, పైసా ఖర్చు లేదు.

18. పక్కన ఉన్న నాలుగు సమాధులూ ఫొటో తీసుకోండి. అయినవాళ్లని దగ్గర దగ్గరగా పెట్టడం మామూలే కాబట్టి తర్వాత మళ్లీ పరుగెత్తక్కర్లేదు.

19. ఇంట్లో ఎవరైనా సిస్టర్, ఫాదర్ అయి ఉంటే వాళ్ల సభకి ఉత్తరం రాయండి. చేరేటప్పుడు జ్ఞానస్నానం సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే కాబట్టి, అమ్మానాన్నల పేర్లు అక్కడ దొరకొచ్చు.

20. దొరికింది ఆ రాత్రే పుస్తకం సంవత్సరం, పేజీ నంబరుతో సహా రాసి, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. రేపు ఎవరికి సర్టిఫికెట్ కావాల్సి వచ్చినా నంబరు చెబితే వెతుకులాట ఉండదు.