గిన్నెలో భయము లేదు

చదువవలసిన భాగములు: మార్కు 1:40-45, యోహాను 9:1-7, 2 రాజులు 20:1-7.



“ఎయిడ్స్ ఉన్నవారు త్రాగిన గిన్నెలో మనము త్రాగవచ్చునా?” ప్రభు రాత్రి భోజనపు ఆదివారమున ఈ ప్రశ్న ఎవరి నోటనైన వినబడినయెడల, దానికి జవాబు సంఘమునకు తెలిసియుండవలెను. త్రాగవచ్చును. గిన్నెవలన ఈ జబ్బు అంటదు. ఏల అంటదో తెలిసికొందము.

1. జబ్బు ఎట్టిది?

హెచ్.ఐ.వి. అనునది ఒక సూక్ష్మక్రిమి. మన దేశములో దీనిని మొదట 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సాల్మన్ గారును, వారి విద్యార్థిని నిర్మల గారును కనుగొనిరి. ఇది రక్తములో మనలను కాచు కణములను మెల్లగా నాశనము చేయును. ఏటిగట్టులో ఎలుక కలుగు చేసినట్లు, ఏండ్ల తరబడి పైకి ఏమియు కనబడదు. ఆ స్థితి హెచ్.ఐ.వి. గట్టు తెగి, క్షయ మొదలైన జబ్బులు వరదవలె వచ్చిపడు స్థితి ఎయిడ్స్. కావున మనిషిని చూచి చెప్పలేము. రక్తపరీక్ష చేసియే చెప్పవలెను.

2. ఎట్లు అంటును? ఎట్లు అంటదు?

క్రిమి ఉన్నవారితో నిరోధ్ లేకుండ కలియుటవలన, వారి రక్తము ఎక్కించుటవలన, వారికి వాడిన సూదిని మరల వాడుటవలన, తల్లి నుండి బిడ్డకు గర్భములోను కాన్పులోను చనుబాలద్వారాను అంటును. ఉమ్మివలన, దగ్గువలన, దోమకాటువలన అంటదు. ఒకే కంచములో తినుట, చేయి పట్టుకొనుట, రోగిని కడిగి బట్టలు మార్చుట — వీటివలనను అంటదు.

3. మందు కలదా?

క్రిమిని పూర్తిగా తీసివేయు మందు ఇంకను సామాన్యముగా లేదు. అయితే దానిని అణచియుంచు మందులు 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రులలో ఏ.ఆర్.టి. కేంద్రములు గలవు. దినమును తప్పక మ్రింగువారు అందరివలె పనిచేసి పిల్లలను పెంచుకొనగలరు. పరీక్షలో క్రిమి కనబడనంతగా అణగియున్నంతకాలము కలయికద్వారా ఇతరులకు అంటదు. గర్భిణి ముందుగా పరీక్ష చేయించుకొని మందు వాడినయెడల, బిడ్డకు సోకు ప్రమాదము నూటికి ఐదుకంటె తక్కువకు దిగును.

“ప్రార్థన చేసితిమి, ఇక మందు మానుము” అని ఎవరును చెప్పరాదు. మానినయెడల క్రిమి మరల లేచును. హిజ్కియా ప్రార్థన దేవుడు విన్నాడు. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థనయు మందును ఒకదానికొకటి శత్రువులు కావు.

4. సంఘము చేయవలసినది

గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగిరి. ప్రభువు ఆ లెక్క చూడలేదు. భర్తవలన జబ్బు సోకిన ఇల్లాలును, తల్లివలన సోకిన పసిబిడ్డయు మన మధ్యనే ఉండవచ్చును. ఎవరికి ఎట్లు వచ్చినను సేవ ఒక్కటే.

ఒకనాడు కుష్ఠరోగులను ఊరు వెలివేసినప్పుడు, కెనడా బాప్టిస్టు మిషనరీ మిస్ హేచ్ దొరసాని రామచంద్రపురములో వారికి ఆశ్రయము కల్పించిరి. ఆ జబ్బుకు ఇప్పుడు పూర్తిగా నయము చేయు మందు కలదు. నాడు అట్టివారిని చేర్చుకొనిన డెల్టా సంఘములు నేడు వెనుకకు తగ్గవచ్చునా?

ప్రార్థన మనవులలో రోగి పేరును జబ్బును కలిపి చెప్పకుడి. నమ్మి చెప్పిన సంగతిని అతని సమ్మతి లేక బయటపెట్టుట 2017 నాటి చట్టమునకును విరుద్ధము. సందేహమున్నవారు 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు:
(1) ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగియుండగా, ముట్టుట ఎందుకు?
(2) జబ్బు సంగతి చెప్పుకొనుటకు మన సంఘములో భయపడవలసిన పని ఉన్నదా? ఎవరివలన?
(3) మందులకు పట్టణము వెళ్లువారికి బస్సు ఖర్చు మన కానుకలలోనుండి ఇయ్యగలమా?

ప్రార్థన: ప్రభువా, మా భయమును తీసివేసి, నీవు చాపిన చేతివలె మా చేతులను చాపించుము. ఆమేన్.