మధ్యేమార్గంలో ఒక రక్షణ మంత్రి

రామచంద్రపురంలో బస్సెక్కి ద్రాక్షారామం మీదుగా వెళ్తే యానాం ఎంతో దూరం లేదు. 1954 దాకా అక్కడ ఫ్రెంచి జెండా ఎగిరింది. అందుచేత మా ఊరివాళ్ళకి ఫ్రాన్సు మరీ పరాయి దేశమేం కాదు. (మావాళ్ళు యానాం వెళ్ళేది ఫ్రెంచి చరిత్ర కోసం కాదనుకోండి, ఆ సంగతి వదిలేద్దాం.)

రాజనీతిశాస్త్రం సెమినారుకి నా వంతు వచ్చిన అంశం ఫ్రాన్సులోని మధ్యేవాద పక్షాలు. అటు వామపక్షం, ఇటు మితవాదం, రెంటికీ నడుమ నిలబడేవాళ్ళకి అక్కడ వేరే పార్టీలే ఉన్నాయి. ఆ కోవలోని నాయకుడు ఎర్వే మొరాన్. 2007 అధ్యక్ష ఎన్నికల్లో మొదట మధ్యేవాది ఫ్రాంస్వా బైరూ వెంట నడిచి, రెండో దఫా ఓటింగు నాటికి సర్కోజీ వైపు తిరిగారు. రక్షణ మంత్రి పదవి దక్కింది. 2010 నవంబరు దాకా అందులో ఉన్నారు. (సరిగ్గా ఆ రోజుల్లోనే మన కాకినాడ ఎం.పి. పల్లంరాజు గారు ఢిల్లీలో రక్షణ శాఖ సహాయమంత్రి.) నడుమ నిలబడ్డం అంటే గాలివాటం చూసుకోవడమేనా అని నాకు అనుమానం వచ్చింది. అయితే మొరాన్ పేరు నిలబెట్టింది 2010 జనవరి 5 నాటి చట్టం. ఫ్రాన్సు 1960 నుంచి 1996 వరకూ అల్జీరియా ఎడారిలో, పాలినీషియా దీవుల్లో 210 అణుపరీక్షలు చేసింది. వాటివల్ల జబ్బుపడినవాళ్ళకి పరిహారం ఇవ్వాలన్న చట్టం అది. మొదట్లో 'ప్రమాదం స్వల్పం' అనే మెలిక పెట్టి చాలా అర్జీలు తోసేశారు. 2017లో గాని ఆ మెలిక తీసెయ్యలేదు.

ఇది చదువుతుంటే నాకు మన పి.వి. నరసింహారావు గారు గుర్తొచ్చారు.

మా ఇంట్లో ఆ పేరెత్తితే ఒకప్పుడు వాదన లేచేది. తాతయ్య 1972లో కాలేజీ కుర్రాడు. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో కోస్తా అంతా జై ఆంధ్ర అని లేచింది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. గారు. భూసంస్కరణల శాసనం తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే. రెండు పంటలు పండే మాగాణి ఐదుగురి కుటుంబానికి 10 నుంచి 18 ఎకరాలు దాటకూడదంటే డెల్టా పెద్ద రైతులు ఊరుకుంటారా? కోర్టు తీర్పూ, సీలింగూ కలిసి ఆయన కుర్చీ కిందికి నిప్పు తెచ్చాయి. 1973 జనవరిలో పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. నడుమ నిలబడే మనిషి అన్న పేరు ఆయనకి అప్పటికి లేదు. అది ఆ దెబ్బ తిన్న తర్వాత నేర్చిన విద్య అని నా ఊహ.

1984 డిసెంబరు 31న ఆయన రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో రక్షణ మంత్రి అయ్యారు. ఉన్నది తొమ్మిది నెలలే. ఆ తొమ్మిది నెలల్లోనూ ఫ్రాన్సు రెండుసార్లు తలుపు తట్టింది. 1985 జనవరిలో ఢిల్లీ ఆఫీసుల్లోంచి రహస్యపత్రాలు విదేశాలకి చేరుతున్నాయన్న గూఢచర్యం కేసు బయటపడింది. ఫ్రెంచి రాయబార కార్యాలయంలోని సైనికాధికారి ఒకరు దేశం విడిచి వెళ్ళాల్సొచ్చింది. రాయబారిని కూడా ఫ్రాన్సు వెనక్కి పిలుచుకుంది. మరి ఆ దేశంతో తెగతెంపులు చేసుకున్నారా? లేదు. జూన్ నెలాఖరుకి ఫ్రెంచి మిరాజ్-2000 విమానాలు గ్వాలియర్‌లో దిగాయి. తగువు తగువే, బేరం బేరమే.

1991లో ప్రధాని అయ్యారు. 1993 నుంచి రక్షణ శాఖ కూడా తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ సెప్టెంబరు 7న బీజింగులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం. ఎవరి భూమి ఎంతో తేల్చకుండానే, వాస్తవాధీన రేఖ దగ్గర బలప్రయోగం వద్దని రాసుకున్నారు. మరోపక్క అబ్దుల్ కలాం రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారుగా ఉండగా పృథ్వి, అగ్ని క్షిపణుల పని సాగుతూనే ఉంది. 1994లో దావోస్‌లో ఆయన ప్రసంగం కూడా మధ్యేమార్గం గురించే.

ఇక 1995. ఆ సెప్టెంబరులో ఫ్రాన్సు పసిఫిక్‌లో మళ్ళీ అణుపరీక్షలు మొదలెట్టి లోకం చేత తిట్లు తింది. డిసెంబరులో పోఖ్రాన్‌లో మన ఏర్పాట్లు అమెరికా ఉపగ్రహాల కంటబడ్డాయి. 15వ తేదీన న్యూయార్క్ టైమ్స్ అచ్చేసింది. క్లింటన్ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. పరీక్ష జరగలేదు. బెదిరిపోయారని కొందరు, అసలు అప్పుడు చేసే ఉద్దేశమే లేదని కొందరు. ఆర్థిక ఆంక్షలొస్తే అప్పుడే కోలుకుంటున్న దేశం తట్టుకోగలదా అన్న లెక్క ఉండే ఉంటుందని నాకు తోస్తుంది. కాని సరంజామా విప్పెయ్యలేదు. 1998 మేలో ఐదు పరీక్షలు జరిపించిన వాజ్‌పేయి గారే, బాంబు సిద్ధంగా ఉందని తనకి ముందే చెప్పింది పి.వి. అని తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఇంతవరకే రాస్తే భజన అవుతుంది. ఇదే ఓపిక 1992 డిసెంబరు 6న అయోధ్యలో ఏం చేసింది? రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మాట నమ్మి కూర్చున్నారు, మసీదు కూలిపోయింది. ఎదురుచూపుకి పోఖ్రాన్‌లో అర్థముంది. అయోధ్యలో లేదు. 1993 జులైలో 14 ఓట్ల తేడాతో నిలబెట్టుకున్న ప్రభుత్వమైనా, ఆ ఓట్లు ఎలా వచ్చాయన్న కేసు ఆయన్ని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిప్పింది. 2000లో శిక్షపడి 2002లో హైకోర్టులో కొట్టేసిందాకా తెమల్లేదు. 2004 డిసెంబరు 23న పోయారు. భారతరత్న వచ్చింది 2024లో.

ఈ వ్యాసం ప్రెస్సుకి ఇచ్చేముందు తాతయ్యకి చదివి వినిపించాను. జై ఆంధ్ర పేరా దగ్గర నవ్వారు. అయోధ్య దగ్గర తల ఊపారు. పోఖ్రాన్ దగ్గర మాత్రం ఆపమన్నారు.

"ఇంతకీ ఎందుకు ఆపాడంటరా?"

"ఆయన బయటికి చెప్పలేదండి తాతయ్యా."

"ఎవరికీనా?"

"పుస్తకాల్లో తలో మాటా ఉంది."

కాసేపాగి, "ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నారు.