అంతర్వేది త్రోవలో పాదయాత్ర

తీర్థమును చేరుట యొకటి. తీర్థయాత్ర చేయుట వేరొకటి. నేడు రాజోలులో బస్సెక్కిన భక్తుడు కొద్దిసేపటిలోనే అంతర్వేదిలో దిగి శ్రీ లక్ష్మీనృసింహస్వామిని సేవించుకొనగలడు. నడచి వచ్చినవానికిని లభించునది ఆ స్వామి దర్శనమే. అట్లయినచో పాదచారికి అధికముగ కలుగు లాభమేమి?

గోదావరి ఏడు పాయలుగ సముద్రమును చేరునని పెద్దల మాట. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ చేరువనున్న చొల్లంగిలో తుల్యభాగా స్నానముతో సప్తసాగరయాత్ర ఆరంభమగును. ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక సంగమములను సేవించి, మాఘ శుద్ధ ఏకాదశికి వాసిష్ఠ సంగమమైన అంతర్వేదికి చేరుట సంప్రదాయము. వంతెనలు లేని కాలమున ఈ యాత్ర కాలినడకను, పడవలపైనను సాగెడిది.

దశమి రాత్రి స్వామి కల్యాణము, ఏకాదశినాడు రథోత్సవము. దశమినాటి వేకువను రాజోలునుండి బయలుదేరిన యాత్రికునకు మలికిపురము వరకు కొబ్బరితోటల నీడ తోడుగ నుండును. ఆ చల్లని వేళ అడుగు తేలికగ పడును. "ఇంత దూరము నడచితిని" అను లెక్కయు మనస్సున నడచుచుండును. సఖినేటిపల్లి దాటిన పిదప నీడ పలుచబడును. నేల ఇసుకబారును. సరుగుడు తోపుల మీదుగ ఉప్పుగాలి వీచును. కాళ్లు బరువెక్కి, నాలుక ఎండును. అపుడెవరో ఇల్లాలు గడపలోనుండి పిలిచి మజ్జిగ ఇచ్చును. ఊరడుగదు, పేరడుగదు. రెండు చేతులు చాచి దానిని పుచ్చుకొనునప్పుడు ఉదయమునుండి వేసిన లెక్క మరపునకు వచ్చును. నడక నేర్పు పాఠమిదియే.

శ్రీమద్రామానుజులవారు మంత్రార్థము నెఱుంగుటకై శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరునకు 18 మార్లు నడచిరని గురుపరంపర చెప్పుచున్నది. గోష్ఠీపూర్ణులు 17 మార్లు వారిని మరలించిరి. ఆ నడక వ్యర్థము కాలేదు. మంత్రమునకు ముందు వినయమును ఆ త్రోవయే పరీక్షించినది. అర్థము లభించిన పిదప దానిని తనకై దాచుకొనక ఎల్లరకును చాటిన దయాళువు ఆయన.

కావున నడచినవాడు నడవనివానిని చులకన చేసినచో త్రోవలో గడించినది గుడి వాకిటనే పోగొట్టుకొనును. వృద్ధులు, రోగులు, చంటిబిడ్డల తల్లులు నడవలేకపోతిమని కుందనక్కరలేదు. ఉపవాసముతో ఎండలో మొండిగ నడచి దేహమును కూల్చుకొనుటయు భక్తి కాదు. దేహము కైంకర్యమునకై స్వామి యిచ్చినది. బాటసారికి మజ్జిగ పోసిన ఇల్లాలు ఇల్లు కదలకయే యాత్రలో పాలుగొన్నది.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు చెంత వాసిష్ఠ సాగరమును కలియును. నాసిక సమీపమునుండి అంత దూరము వచ్చిన నది అచట తన పేరును విడుచును. ఏకాదశి ప్రాతఃకాలమున ఆ సంగమమున మునుగు యాత్రికుడు తాను నడచిన దూరమును అచటనే విడిచి, స్వామి సన్నిధికి రిక్తహస్తుడై పోవలెను.