ఐసు దిమ్మ నడుమ తెలుపు ఎందుకు వచ్చును?

చేపలు, రొయ్యలు పెంచు రైతునకు ఐసు లేనిదే పట్టుబడి సాగదు. గట్టుమీద పోసిన సరుకు బజారు చేరువరకు చెడకుండ కాపాడునది అదియే. ఐసు దిమ్మ వెలుపలి భాగము గాజువలె తేటగాను, నడిమి భాగము సున్నము కలిపినట్లు తెల్లగాను ఉండుట మీరు చూచియే యుందురు. ఆ తెలుపు సున్నము కాదు, మందు కాదు. అది చిక్కుకొన్న గాలి. దాని సంగతి తెలిసిన రైతు ఐసు కొనుటలో మోసపోడు.

గాలి ఎచ్చటినుండి వచ్చును?

నీటిలో కంటికి కనబడని గాలి కరిగియుండును. చేపలు బ్రతుకునది అందులోని ప్రాణవాయువు వలననే. 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 29 మిల్లీ లీటర్ల గాలి కరుగగలదు. నీరు గడ్డకట్టునపుడు దాని అణువులు ఒక క్రమములో కుదురుకొనును. ఆ వరుసలలో గాలికిగాని ఉప్పునకుగాని దాదాపు చోటుండదు. కావున పెరుగుచున్న గడ్డ అంచు వానిని ఎదుటనున్న నీటిలోనికి నెట్టివేయుచుండును.

ఐసు ఫ్యాక్టరీలో నీటి డబ్బాలను చల్లని ఉప్పునీటి తొట్టిలో ముంచెదరు. గడ్డ నాలుగు ప్రక్కలనుండి లోపలికి పెరుగును. పెద్ద దిమ్మ పూర్తిగా కట్టుటకు దాదాపు రెండు దినములు పట్టును. మొదట నెట్టబడిన గాలి మిగిలిన నీటిలో ఇమిడిపోవును గనుక వెలుపలి పొర తేటగా నుండును. నీరు తగ్గినకొలది అందులోని గాలి చిక్కబడి, ఇక కరిగి యుండలేక గడ్డ అంచున చిన్న బుడగలుగా పుట్టును. గడ్డ నెమ్మదిగా పెరిగినచో బుడగలు తక్కువగా, పెద్దవిగా ఏర్పడి, వానపామువలె పొడవుగా సాగును. త్వరగా పెరిగినచో లెక్కలేనన్ని సన్నని బుడగలు చిక్కి తెల్లదనము హెచ్చును.

నలుసుల నడక

మట్టి నలుసునకును గడ్డకును నడుమ అతి పలుచని నీటి పొర ఒకటి నిలిచియుండును. ఆ పొరలోనికి నీరు వచ్చుచున్నంతవరకు నలుసు ముందుకు నెట్టబడును. గడ్డ అంతకంటె వేగముగా పెరిగినచో నీరు అందక నలుసు అందులోనే పూడిపోవును. పెద్ద నలుసు క్రిందికి నీరు చేరుటకు దూరమెక్కువ గనుక, అది తక్కువ వేగమునకే చిక్కును. సన్ననిది ఎక్కువ దూరము నెట్టబడును.

దీనిని ఇంట పరీక్షింపవచ్చును. ఒక గిన్నెకు క్రింద, ప్రక్కల మందముగా గుడ్డ చుట్టి, మూత లేకుండ నీరు పోసి ఫ్రిజ్ గడ్డకట్టు అరలో నుంచుడు. మరియొక గిన్నెను గుడ్డ చుట్టక ఉంచుడు. మొదటి దానిలో పై భాగము తేటగా కట్టి, తెలుపు అడుగునకు చేరును. రెండవ దానిలో తెలుపు నడుమ చేరును. మలినము చివరకు గడ్డకట్టు చోటికి పోవునని దీనివలన తెలియును.

ఈ సూత్రముననుసరించియే కొన్ని ఫ్యాక్టరీలలో డబ్బా నీటిలోనికి గాలి ఊది కదలించుచుందురు. కదలిక వలన బుడగలు అంచున నిలువక పైకి పోవును. నడుమ చివరకు మిగిలిన మురికి నీటిని తోడివేసి మంచి నీరు నింపుటయు కలదు.

బెల్లము వండు రైతులకును ఇందొక పాఠమున్నది. చిక్కని పాకము త్వరగా గట్టిపడును గనుక నలుసులు తప్పించుకొనుటకు వ్యవధి యుండదు; అన్నియు అచ్చులోనే మిగులును. కావున బెండ కాండపు జిగురు వేసి, తేలిన తెట్టును రసము పలుచగా నున్నపుడే తీసివేయవలెను.

రైతులు గమనింపవలసినవి

1. తెల్లని ఐసు తూకములో తక్కువది కాదు. గాలి బరువు లెక్కింపదగినది కాదు గనుక, మంచి నీటితో చేసినదైనచో కిలోకు కిలో చల్లదనము సమానమే. ఐసును దిమ్మల లెక్కన గాక తూచి కొనుడు.

2. తేటగా నున్నంత మాత్రమున ఐసు శుభ్రమైనదని నమ్మరాదు. గడ్డకట్టుట వలన సూక్ష్మజీవులన్నియు చావవు. త్రాగదగిన నీటితో చేసిన ఐసునే సరుకునకు వాడవలెను. చేపలకు వాడిన ఐసును సోడాలలో, షర్బతులలో ఎన్నడును వేయరాదు.

3. దిమ్మ నడుమ గోధుమ రంగు గాని, అడుగున మట్టి గాని కనబడినచో నీరు మురికిదని గ్రహించి ఆ ఐసును తిరస్కరింపుడు.

4. 100 కిలోల చేపలను 30 డిగ్రీలనుండి 0 డిగ్రీలకు చల్లార్చుటకే సుమారు 30 కిలోల ఐసు కరుగును. దారిలో తగులు వేడికి మిగిలినది కావలెను. కావున మన వేసవిలో చేపకు సమాన తూకము ఐసు వేయుట మేలు. చితుకగొట్టి, పొర చేప, పొర ఐసుగా పేర్చి, కరిగిన నీరు క్రిందికి పోవు మార్గ ముంచవలెను.

ఐసునకు వాడు నీరు ఎచ్చటిదో గ్రామాధికారులు విచారించుట ప్రజారోగ్యమునకును, రైతు సరుకు ధరకును మేలు. తెలుపును చూచి భయపడనక్కరలేదు. తేటను చూచి మురియనక్కరలేదు. ఏ నీటితో చేసిరో అదియే ముఖ్యము.