బండి ఒక్కటే - పేర్లు మూడు

జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే రోడ్డు మీద ఎన్నో రకాల కార్లు కనపడుతయి. వాటిలో బాలెనో ఒకటి, గ్లాంజా ఒకటి. బాలెనో మీద సుజుకి గుర్తు, గ్లాంజా మీద టొయోటా గుర్తు ఉంటది. గుర్తులు వేరు గనుక బండ్లు కూడా వేరని అనుకుంటం. కాని రెండూ గుజరాత్‌లోని హన్సల్‌పూర్ ఫ్యాక్టరీలోనే తయారవుతయి.

మారుతి సుజుకి ఈ బాలెనోను 2015లో మన దేశంలో అమ్మకానికి తెచ్చింది. ఒకరి బండ్లు ఒకరికి ఇచ్చుకోవాలని సుజుకి, టొయోటా 2018లో ఒప్పందం చేసుకున్నయి. 2019 జూన్‌లో అదే బండి ముందరి జాలి, గుర్తు మార్చుకొని గ్లాంజా అయింది. 2020లో దక్షిణ ఆఫ్రికాకు పోయి స్టార్లెట్ అయింది. ఇట్లా చేయడాన్ని 'బ్యాడ్జ్ ఇంజనీరింగ్' అంటరు. బ్యాడ్జ్ అంటే చొక్కాకు పెట్టుకునే బిళ్ళ.

ఏది ఒక్కటే? ఏది వేరు?

మన దేశంలోని బాలెనో, గ్లాంజాలకు పెట్రోలు ఇంజన్ ఒక్కటే: 1197 సి.సి., 4 సిలిండర్లు. పొడవు 4 మీటర్లకు కొంచెం తక్కువ. పొడవు 4 మీటర్లు, పెట్రోలు ఇంజన్ 1200 సి.సి. దాటకుంటే మన దేశంలో పన్ను తక్కువ. కొలతలు అంత దగ్గరగా ఆపింది అందుకే.

వేరే ఉన్నది షోరూము, జాలి, గుర్తు, పూచీ. 2019లో బాలెనోకు 2 ఏండ్లు లేదా 40,000 కిలోమీటర్ల పూచీ ఇస్తే, గ్లాంజాకు 3 ఏండ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు ఇచ్చిండ్రు. 2024 జూలైలో మారుతి కూడా 3 ఏండ్లు చేసింది.

ఎందుకు చేస్తరు?

కొత్త కారు తయారు చేయాలంటే అచ్చులు, యంత్రాలు, పరీక్షలు అన్నిటికీ చాలా ఖర్చు. పక్కవాని దగ్గర కొంటే ఆ ఖర్చు తప్పుతది. అమ్మినవానికి ఫ్యాక్టరీ ఖాళీగా ఉండదు. తిరిగి టొయోటా కూడా తన ఇన్నోవా హైక్రాస్‌ను సుజుకికి ఇచ్చింది. అదే 2023లో వచ్చిన ఇన్విక్టో.

ఇది కొత్త పద్ధతి కాదు. 1990లో వచ్చిన మారుతి 1000 అసలు పేరు సుజుకి కల్టస్. అమెరికాలో జియో మెట్రో, పాకిస్తాన్‌లో మార్గల్లా అన్నవి కూడా ఆ కల్టస్ కుటుంబమే.

మన దగ్గర లేదా?

ఉన్నది. ఎండకాలం మా గూడెంలో తునికాకు తెంపుతం. 50 ఆకులకు ఒక కట్ట. ఆ ఆకును కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు అమ్మలు, అక్కలు బీడీలు చుడుతరు. ఆఖరికి కట్ట మీద కంపెనీ బొమ్మ ఉంటది. ఆకు తెంపినోళ్ల పేరు, బీడీ చుట్టినోళ్ల పేరు ఉండదు. సిరిసిల్ల మరమగ్గం మీద నేసిన బట్ట కూడా గట్లనే. నేసినాయన పేరు కొన్నోళ్లకు తెల్వదు.

కారుకు మాత్రం ఒక గుణం ఉన్నది. పేరు మార్చినా దాని ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటయి. మొదటి మూడు చూస్తే ఎవరు తయారు చేసిండ్రో చెప్పొచ్చు. మనుషుల కష్టానికి అసుంటి నంబరు ఎవ్వరూ కొట్టలేదు. అందుకే మనమే అడగాలె.

ఏ వస్తువు కొన్నా ఈ మూడు ప్రశ్నలు మరవద్దు.

1. దీన్ని ఎవరు తయారు చేసిండ్రు?
2. పేరు తీసేస్తే లోపల ఏమున్నది?
3. ఇచ్చే పైసలు వస్తువుకా, పేరుకా?

'పేరు గొప్ప ఊరు దిబ్బ' అని పెద్దలు ఊకెనే అనలేదు.

- 9వ తరగతి విద్యార్థిని