మంచం పక్కన పిస్తోలు

ప్రశ్న: బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. ఇద్దరు చిన్నపిల్లలు. దొంగల భయం. పిస్తోలు కొని మంచం పక్క సొరుగులో పెట్టుకోవచ్చా?

జవాబు: కొనలేరమ్మా. కెనడాలో 2022 అక్టోబరు 21 నుంచి పిస్తోళ్ల అమ్మకం, కొనుగోలు, బదిలీ ఆపేశారు. 2023 డిసెంబరులో అది చట్టమైంది. మినహాయింపులు బహు కొద్ది. ఇదివరకే లైసెన్సుతో ఉన్నవారైనా సొరుగులో పెట్టకూడదు. తూటాలు తీసేసి, ట్రిగ్గర్‌కు తాళం వేసి, తాళమున్న గట్టి పెట్టెలో దాచాలి. లేదా తుపాకుల కోసమే చేసిన సేఫ్‌లో. తూటాలు తుపాకీకి దగ్గర్లో సులభంగా అందకుండా ఉండాలి, లేదా అవీ తాళంలో ఉండాలి. అజాగ్రత్తగా వదిలేస్తే క్రిమినల్ కోడ్ 86వ సెక్షన్ కింద నేరం. ఈ కట్టుబాటు నాకు ఎంతో సబబనిపిస్తుంది: మనం దాచిన చోటు పిల్లలు ఇట్టే కనిపెడతారు.

ఆ డబ్బుతో తలుపులకు గట్టి గడియలు, వాకిట్లో లైట్లు పెట్టించండి. ఎవరైనా చొరబడితే పిల్లలతో గదిలోకెళ్లి గడియ వేసుకుని, 911కి ఫోన్ చేయండి.